నేను రాసిచ్చిన ఏడో నిబంధన

నగర్తపేటలో ఓబళప్ప బైండింగు షాపుకు ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాలు తీసుకెళ్తున్నాను. అప్పట్లో నేను ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిముల విభాగంలో పనిచేసేవాణ్ణి. పగలంతా జనం జబ్బుల కాగితాలు చదవడం, సాయంత్రం ఆ చదువు వదిలించుకోవడానికి కథల పుస్తకాలు చదవడం. వీపు ఊడిన పుస్తకాలు నాలుగు పోగవగానే సంచిలో వేసుకుని ఓబళప్ప మెట్లెక్కేవాణ్ణి.

ఓబళప్ప తాత మడకశిర వైపు నుంచి ఈ కన్నడ నగరానికి వచ్చాడట. మూడు తరాలుగా వీధిలో కన్నడం, షాపులో తెలుగు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి తనే ఉడికిస్తాడు, పురుగు పట్టకుండా. బైండు చేసే ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీ, చివరి పేజీ మాత్రం చదువుతాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"రెండు చివర్లు గట్టిగా ఉండాయా లేదా చూసుకోవడం నా పని సార్. నడిమిది మీరు చదువుకోండి" అన్నాడు.

ఆ షాపులో కిటికీ పక్కన కూర్చుని అచ్చుకాగితాలు మడిచేది భాగీరథమ్మ. చేతిలో అరిగిపోయిన ఎముక బద్ద. కాగితం మడిచి, దాని మీద ఆ బద్దను ఒక్కసారి లాగితే మడత కత్తితో గీసినట్టు పడేది. ఆమెకు చదువు రాదు. ఓబళప్ప కన్నా పెద్దది, అతన్ని "ఏమప్పా" అనే పిలుస్తుంది.

ఆ సందులో పది పన్నెండు చిన్న షాపులున్నాయి. బైండింగు, ఫోటోలకు చట్రాలు కట్టేవి, పెళ్ళిపత్రికల కవర్లు చేసేవి. అన్నిటిలో కలిపి నలభై మంది. కరోనాకు నాలుగైదేళ్ళ ముందు ఓబళప్ప అందరినీ కూర్చోబెట్టి ఒక ఏర్పాటు చేశాడు. నెలకోసారి ఎవరి సంపాదనలో వాళ్ళు సగం దినం కూలి ఒక జిగురు డబ్బాలో వెయ్యాలి. షాపు యజమాని సగం దినం పెద్దది, మడిచే మనిషి సగం దినం చిన్నది. ఎవరికి జబ్బు చేసినా ఆస్పత్రి చీటీ తెస్తే డబ్బా కట్టేస్తుంది. ఎవరెంత వేశారని అడిగేది లేదు. దాన్ని వాళ్ళు డబ్బా అనే పిలిచేవాళ్ళు.

"మీరు ఇదే ఆఫీసు పనిలో ఉండారు కదా సార్, మాకు నాలుగు రూల్సు రాసియ్యండి. నోటిమాట మీద ఉంటే రేపు జగడాలొస్తాయి" అని ఓబళప్ప అడిగాడు.

నాలుగు అడిగితే తొమ్మిది రాశాను. నా చేతిరాతలో, మంచి కాగితం మీద. అందులో ఏడోది: చేరేనాటికే ఉన్న జబ్బుకు, దాని వల్ల వచ్చే ఇబ్బందికి డబ్బా బాధ్యత వహించదు. మా కంపెనీ పాలసీలో ఉండే వాక్యమే అది. రాసేటప్పుడు చెయ్యి దానంతటదే నడిచింది. అంతకుముందు ఎన్నో వేలసార్లు నడిచింది కాబట్టి.

మూడో ఏడు భాగీరథమ్మకు ఎడమకన్ను మసకబారింది. చక్కెర జబ్బు కంటి వెనక పొరను తింటోందని, వెంటనే లేజరు చెయ్యాలని డాక్టరు చెప్పాడు. చక్కెర ఆమెకు డబ్బా పెట్టక ముందునుంచే ఉంది. ఆ సంగతి సందు మొత్తానికి తెలుసు, ఆమె టీలో చక్కెర వేసుకోదు. ఓబళప్ప డాక్టరు చీటీ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఆ ఏడో రూలు ఆయమ్మ మట్టుకు చూసీచూడనట్టు పోదామా సార్?"

"ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలి ఓబళప్పా. అప్పుడు డబ్బా నిలవదు" అన్నాను. అప్పుడు నా చేతిలో ఉన్న పుస్తకం కూడా పక్కన పెట్టలేదు.

అతను చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. భాగీరథమ్మ రేషను కార్డు పక్క రాష్ట్రంలో, మడకశిరలో ఉంది, కన్నేమో ఇక్కడ; ఆ కార్డు మీద ఇక్కడ ఉచిత వైద్యం లేదు. ఇక్కడి ఆస్పత్రుల్లో వరసలు దాటి లేజరు అయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఎడమకన్ను పోయింది. మరుసటి ఏడాది డబ్బా కూడా మూతపడింది. ఓబళప్పే ఆ మాట చెప్పాడు. పాపం అనుకుని, పుస్తకాలు తీసుకుని వచ్చేశాను.

ఇదంతా తెలిసే నేను మొన్న ఒక పని చేశాను.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మాకొక చదువరుల బృందం ఉంది. నెలకోసారి ఒక విషయం మీద మాట్లాడుకుంటాం. ఈసారి విషయం, అందరి వైద్యానికీ ప్రభుత్వమే డబ్బు కట్టడం మనకు సాధ్యమా, అంత భారం మొయ్యగలమా అని. సాధ్యమేనని మాట్లాడింది ఆశ. మా పై అంతస్తులో ఉంటుంది, ఫిజియోథెరపిస్టు. కాదని మాట్లాడింది నేను.

"మనం ఇప్పుడూ కడుతూనే ఉన్నాం అంకుల్" అంది ఆశ. "టాక్సు ఒకసారి, ప్రీమియం ఒకసారి, ఆస్పత్రి కౌంటర్లో ఇంకోసారి. ఈ మూడు జేబుల్నీ ఒకటి చేద్దామంటున్నా, నాలుగోది కుట్టమనట్లేదు. కొనేవాడు ఒక్కడే అయితే ఆస్పత్రిని రేటెంతని నిలదీయొచ్చు. ఒంటరిగా వెళ్ళే పేషెంటు అడగగలడా?"

నేను లేచి, పన్ను కట్టగలిగేవాళ్ళెంతమంది అన్నాను. డాక్టరే లేని ఊళ్ళో ప్రభుత్వం డబ్బు ఎవరికి కడుతుంది అన్నాను. ఉచితమంటే తుమ్మినా స్కానింగు తీయమంటారు అన్నాను. నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది. దాన్ని ఇంకాస్త సాగదీయాలనిపించింది.

"ఎక్కడిదో ఎందుకు, నగర్తపేటలో నలభై మంది సరిగ్గా ఇదే చేసి చూశారు. అందరూ వేసే డబ్బా, ఎవరి జబ్బుకైనా డబ్బా. నాలుగేళ్ళలో మూతపడింది. నలభై మందికే నడవనిది నూట నలభై కోట్లకు నడుస్తుందా?"

చప్పట్లు కొట్టారు. అప్పుడు చూశాను, చివరి వరసలో ఓబళప్ప. బృందం పుస్తకాలు బైండు చేసి తెచ్చి, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతన్ని ఆ రోజు రమ్మన్నది నేనే. ఆ సంగతే మర్చిపోయాను.

చేతులు కట్టుకుని లేచాడు.

"ఆ డబ్బా మాదే. ఒక మాట చెప్పొచ్చా?"

చెప్పమని ఆశ కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"సార్ అన్నది నిజమే, మాది చిన్న డబ్బా. గుండె ఆపరేషన్ అంటే తట్టుకోదు. దానికే కదమ్మా పెద్ద డబ్బా కావాలనేది. కానీ మాది దుడ్డు అయిపోయి మూతపడలేదు. మూసే దినం అందులో దుడ్డు ఉండాది, తలా ఇంత పంచుకుంటిమి. ఒకాయమ్మకి పాత జబ్బని లేదంటిమి. ఆ దినం నుంచి ప్రతివాడూ నాది పాతదా కొత్తదా అని లెక్క చూసుకునేదానికి మొదలుపెట్టె. నమ్మకం పాయ. ఇంకెవురేస్తారు?"

"పాత జబ్బుకు ఇవ్వకూడదని ఎవరన్నారు?" అని ఆశ అడిగింది.

ఓబళప్ప నా వైపు చూశాడు. ఒక్క క్షణమే.

"రూల్సులో ఉండాదమ్మా. ఎవరో చదువుకున్నాయన రాసిచ్చినాడు" అని కూర్చున్నాడు.

నేనేనని చెప్పడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. ఆశ మంచినీళ్ళు తాగింది. ఎవరో ఫ్యాను తగ్గించారు. నేను కాగితాలు సర్దుకున్నాను. చేతులెత్తి ఓటు తీసుకుంటే మూడు ఓట్ల తేడాతో నా పక్షం గెలిచింది. మూట నా ముందు పెట్టి, "నాలుగోదానికి జిగురు ఇంకా ఆరలేదు సార్, రెండు దినాలు బరువు కింద పెట్టండి" అని చెప్పి ఓబళప్ప వెళ్ళిపోయాడు.

ఆ రెండు రోజులూ ఏ పుస్తకమూ తెరవలేకపోయాను. మూడోరోజు బస్సెక్కి నగర్తపేట వెళ్ళాను.

భాగీరథమ్మ కిటికీ పక్కనే ఉంది. కాగితాన్ని కుడికంటికి దగ్గరగా పెట్టుకుని, అంచును వేలితో తడిమి మడుస్తోంది. కుడికన్ను కూడా మసకేస్తోందట, నెలలోపల లేజరు పడాలట. అందుకని ఓబళప్ప మళ్ళీ డబ్బా పెడుతున్నాడు. కడిగి బోర్లించిన జిగురు డబ్బా బల్ల మీద ఉంది. ఇప్పటికి ముప్ఫై ఒక్కమంది ఒప్పుకున్నారని, అంతమంది చేరితే ఆ కంటికి సరిపోతుందని చెప్పాడు. నేనెందుకు వచ్చానని మాత్రం అతను అడగలేదు.

"అమ్మా, ఆ ఏడో రూలు రాసింది నేను" అన్నాను.

ఆమె ఎముక బద్ద ఆపలేదు.

"తెలుసు సార్. మీ బుక్కులన్నిట్లో మొదటి కాగితం మీద మీరు పేరు రాసుకుంటారు కదా. ఆ రూల్సు కాగితం ఇదే గోడకి అంటించింటిమి. చదవను రాకపోతే ఏమి, చెయ్యి ఎవరిదో కనిపించదా? అప్పుడు రెండు కండ్లూ బాగుండె."

ఇన్నేళ్ళు నా పుస్తకాలు మడిచి ఇచ్చింది. ఒక్కటీ వంకరగా లేదు.

"ఈసారి రూల్సు నన్ను రాయమనకు ఓబళప్పా" అన్నాను.

"రాయమని ఎవరన్నారు సార్? రాసుకుంటిమి" అని ఒక కాగితం తీశాడు. నాలుగే వాక్యాలు. కన్నడం, తెలుగు కలగలిపి, వంకర అక్షరాలు.

"నా పెన్షన్‌లో సగం దినం వేస్తాను. ఊరికే వేస్తాను, నాకేమీ వద్దు" అన్నాను.

ఓబళప్ప భాగీరథమ్మ వైపు చూశాడు. ఆమె చేతిలోని కాగితం పక్కన పెట్టింది.

"ఊరికే వేసేదానికి ఇదేమన్నా హుండీనా? వేస్తే అందరి మాదిరే వెయ్యమను. వయసయిపాయ, ఆయనకి మట్టుకు జబ్బులుండవా? పేరు రాసుకో అప్పా."

"నాకు పద్దెనిమిదేళ్ళుగా చక్కెర ఉందమ్మా" అన్నాను. ఆ మాట చెప్పకుండా చేరకూడదనిపించింది.

"ఎవరడిగినారు?" అని ఆమె ఇంకో కాగితం అందుకుంది.

ఓబళప్ప పెన్ను నా వైపు తోశాడు. ముప్ఫై ఒక్క పేర్ల కింద నా పేరు రాయడానికి వంగాను. ఆమె మసక కంటికి కూడా ఆనేంత పెద్దగా నా చేతిరాత కాగితం మీద పడుతుంటే, తల ఎత్తలేకపోయాను.