వియ్యంకుడితో సైకిల్ మీద కీ వెస్ట్ దాకా

ఈ ప్రయాణం అసలు జపాన్‌లో జరగాల్సింది. మొన్న వేసవిలో మా వియ్యంకుడు శేషగిరిరావు గారు నాకు ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. సముద్రంలో విసిరేసినట్టు ద్వీపాలు, ఒకదాని నుంచి ఇంకోదానికి పొడుగాటి వంతెనలు, వాటి మీద సైకిళ్లకి విడిగా బాట, దారి తప్పకుండా రోడ్డు అంచున నీలం గీత. "పోదామా బావగారూ?" అన్నారు. నాకా మాట చాలు. నా ఒంటికి కూర్చోవడం పడదు. పదో తరగతితో బడి మానేసి రాజమండ్రిలో లారీ షెడ్డులో చేరిన దగ్గర్నుంచీ ఇంతే. మా ఆవిడ నర్సు ఉద్యోగం పుణ్యమా అని మిషిగన్ వచ్చి, నోవైలో ఇరవై ఏళ్ల పైచిలుకు కార్ల కింద పడుకుని బతికాను. పడుకున్నాను గానీ కూర్చోలేదు. ఇప్పుడు జార్జియాలో, కమ్మింగ్‌లో, అబ్బాయి ఇంటికి దగ్గర్లో ఉంటున్నాం. రోజూ పొద్దున్నే గ్రీన్‌వే అనే చెట్ల మధ్య బాట మీద సైకిల్ తొక్కకపోతే ఆ పూట మా ఆవిడతో ఏదో ఒక గొడవ పెట్టుకుంటాను. అది ఆవిడకీ తెలుసు కాబట్టి హెల్మెట్ తనే తెచ్చి చేతిలో పెడుతుంది.

శేషగిరిరావు గారిది వేరే సంగతి. విశాఖలో బ్యాంకు మేనేజరుగా రిటైరై వచ్చి, వాళ్లమ్మాయి లావణ్య, అంటే మా కోడలి దగ్గర ఉంటున్నారు. అంతకు ముందు చలికాలంలో ఆయనకి గుండెలో స్టెంట్ వేశారు. మూడు నెలలయ్యాక డాక్టరు అన్నిటికీ సరేనన్నాడు, నడకకి, సైకిల్‌కి, కారు డ్రైవింగ్‌కి. లావణ్య మాత్రం డ్రైవింగ్‌కి సరేననలేదు. కమ్మింగ్ లాంటి ఊళ్లో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు, కారు లేని మనిషికి పాల డబ్బా కావాలన్నా ఒకళ్ల దయ కావాలి. లైబ్రరీకి, గుడికి, చివరికి జుట్టు కత్తిరించుకోడానికి కూడా ఆయన కూతురి మీటింగులు అయ్యేదాకా చెప్పులేసుకుని గరాజ్‌లో నిలబడేవారు. ఒకరోజు భోజనాల దగ్గర ఈ జపాన్ మాట వచ్చింది. టికెట్ల ధర చూసి మా అబ్బాయి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అయితే ఫ్లోరిడా వెళదాం, అక్కడా ద్వీపాలున్నాయి, వంతెనలున్నాయి, చివరి ద్వీపం కీ వెస్ట్ దాకా ఓ యాభై మైళ్లు తొక్కుదాం అన్నాను నేను. లావణ్యకి కోపం వచ్చింది.

"అయిదు మైళ్లు కారు తోలొద్దంటే యాభై మైళ్లు సైకిల్ తొక్కుతారా నాన్నా?"

"తొక్కితే?"

"తొక్కి చూపించండి! ఎవరికీ ఫోన్ చేయకుండా, ఎవరి కారూ ఎక్కకుండా కీ వెస్ట్ చేరండి. ఆ తర్వాత స్టీరింగ్ మీది, నేను నోరెత్తను. మధ్యలో నన్ను పిలిచారో, ఇంక డ్రైవింగ్ మాట ఈ ఇంట్లో రాకూడదు."

కోపంలో అన్న మాటే. కానీ ఆయన పెరుగన్నం ముద్ద కంచంలోనే వదిలేసి "సరే" అన్నారు. నలభై ఏళ్లు బ్యాంకులో పనిచేసిన మనిషి, మాటిచ్చాక ఖాయం అన్నట్టే.

డిసెంబర్‌లో మేమిద్దరం, లావణ్య బయల్దేరాం. కమ్మింగ్ నుంచి వ్యాన్‌లో, వెనకాల రెండు సైకిళ్లు కట్టుకుని, మధ్యలో ఒక రాత్రి ఆగి, రెండో రోజు సాయంత్రానికి మారథాన్ అనే ఊరు చేరాం. వెళదామనుకునేవాళ్లకి దారి చాలా సులువు. మయామీ దాటాక ఫ్లోరిడా కింది కొసన ద్వీపాల వరస ఉంటుంది, వాటన్నిటినీ కలుపుతూ ఒకటే రోడ్డు, చివర కీ వెస్ట్. రోడ్డు పక్క చిన్న ఆకుపచ్చ బోర్డుల మీద మైలు అంకెలు తగ్గుతూ సున్నా దాకా వెళతాయి. మొత్తం దారి నూరు మైళ్ల పైనే. మాలాంటి వాళ్లకి మారథాన్ నుంచి చివరి సగం చాలు. చాలా మేర సైకిళ్లకి విడి బాట ఉంది, పాత వంతెనలు కొన్ని సైకిళ్లకే వదిలేశారు. అసలు పెద్దది, ఏడు మైళ్ల వంతెన మీద మాత్రం విడి బాట లేదు, కార్ల పక్కనే అంచు మీద తొక్కాలి. మెరిసే కోటు, వెనక లైటు లేకుండా దాని మీదికి వెళ్లకండి. చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి కీ వెస్ట్ వైపు వెళితే వీపు మీద చెయ్యేసి తోసినట్టుంటుందని చదివాను. మేం వెళ్లిన రోజున ఉత్తరాది నుంచి చలి దిగి, గాలి అటు తిరిగి మొహాన కొట్టింది. అది మా జాతకం.

ఇక్కడ వియ్యంకుల గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా మేం ఒకళ్లనొకళ్లం "మీరు ముందు" అనుకుంటూ లిఫ్ట్ తలుపులు మూసుకుపోయేదాకా నిలబడే రకం. ఆయన కూర్చోకుండా నేను కూర్చోను, నేను ముద్ద పెట్టకుండా ఆయన పెట్టరు. సోఫాల మీద, పందిళ్లలో ఇది చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. సైకిళ్ల మీద ఏమవుతుందో ఎవరూ ఆలోచించి ఉండరు.

తెల్లవారుతుండగా లావణ్య వ్యాన్‌లో ముందుగా కీ వెస్ట్ వెళ్లిపోయింది. వెళ్లే ముందు లావణ్య నన్ను పక్కకి పిలిచి, "మావయ్యా, ఆయన మొహం చూస్తూ ఉండండి, ఆయాసం వస్తే చెప్పరు" అంది. మేం వంతెన ఎక్కేసరికి సూర్యుడు నీళ్ల మీద అప్పుడే లేస్తున్నాడు. కుడి పక్కన పాత వంతెన, ఎప్పుడో తుఫానుకి పోయిన రైలు దారి తాలూకుది, కొంత దూరం తోడొచ్చి ఆ తర్వాత ముక్కలుగా నిలబడిపోయింది. చిన్నప్పుడు కొవ్వూరు వైపు గోదావరి వంతెన మీద కిందనుంచి రైలు వెళుతుంటే సైకిల్ హేండిల్ వణకడం గుర్తుంది. ఇక్కడ పక్కనుంచి పోయే కార్ల గాలికి వణికింది. "మీరు ముందు నడవండి బావగారూ" అన్నారాయన, నడిచాను. దాంతో ఆయన మొహం నాకు కనపడలేదు. ఏడు మైళ్లూ చెవులు వెనక్కి పెట్టి, గాలి హోరులో ఆయన ఊపిరి వినడానికి తంటాలు పడుతూ తొక్కాను. రెండు పక్కలా పచ్చటి, నీలపు సముద్రం, మధ్యలో పడవలు దూరడానికి వంతెన గుట్టలా లేచిన చోట ఆకాశంలోకి ఎక్కుతున్నట్టుంటుంది. ఫోటోల్లో చూసినవాళ్లు నాకు చెప్పారు ఎంత బాగుందో. నేను కుడి అంచున గీత, వెనక ఊపిరి తప్ప ఏమీ చూడలేదు.

వంతెన దిగగానే చిన్న పార్కుంది, నీడ, బల్లలు, బాత్రూములు.

"మీకు అలసటగా ఉంటే ఆగుదాం" అన్నాను.

"నాకేం లేదు. మీకుంటే చెప్పండి."

"అబ్బే, నాకేముంది!"

ఆగలేదు. బహియా హోండా అనే ద్వీపంలో ఇంకా పెద్ద పార్కు, సైకిల్ మీద వచ్చేవాళ్లకి మనిషికి రెండున్నర డాలర్లు, తెల్లటి ఇసుక, కొబ్బరి చెట్లు. అక్కడా ఇదే సంభాషణ, మాట తేడా లేకుండా. బిగ్ పైన్ చేరాక కాఫీ వాసనకి ఇద్దరి సైకిళ్లూ వాటంతటవే ఆగాయి. రోడ్డు పక్క బండి, క్యూబా ఆవిడ, మా వయసే ఉంటుంది. చిన్న గ్లాసుల్లో చక్కెర పాకంలాంటి కాఫీ ఇచ్చి, కుర్చీలు చూపించింది. మేం నిలబడే తాగుతున్నాం.

"అన్నదమ్ములా?" అంది ఇంగ్లీషులో.

"కాదు. ఆయన కూతుర్ని మా అబ్బాయి చేసుకున్నాడు."

"ఓ! కొన్సుయేగ్రోస్!" అని చేతులు చరిచింది. ఇంగ్లీషువాళ్లకి ఈ చుట్టరికానికి పేరే లేదు, ఇన్నేళ్లుగా మేం "సన్స్ ఫాదర్ ఇన్ లా" అని నత్తి కొడుతున్నాం. స్పానిష్ వాళ్లకి ఉందట. "మా ఆయనా, మా కోడలి తండ్రీ ఒకసారి చేపలకి వెళ్లారు. ఇంటికెళదామని ముందు ఎవరంటారని ఇద్దరూ చూశారు. వడదెబ్బ కొట్టింది ఇద్దరికీ. కూర్చోండి, ముసలోళ్లూ, కూర్చోండి!"

శేషగిరిరావు గారు నా వైపు చూశారు. నేనాయన వైపు చూశాను. కాఫీ అయిపోయింది. సైకిళ్లెక్కాం.

ఆ తర్వాత ద్వీపాలు చిన్నవి, వంతెనలు పొట్టివి, ఒకటి దిగేలోగా ఇంకోటి. మడ చెట్లు, నీళ్లు, మళ్లీ మడ చెట్లు. అక్కడొక జాతి జింకలున్నాయి, పెద్ద కుక్కంత ఉంటాయి, వాటిని చూడ్డానికి జనం కార్లాపుకుని నిలబడ్డారు. నేను మాత్రం ఆయన పెదాలు నీలంగా అవుతున్నాయా అని చూస్తున్నాను. మధ్యాహ్నం షుగర్‌లోఫ్ అనే ద్వీపంలో చెడింది, ఆయన గుండె కాదు, నా కాలు. కుడి పిక్క రాయిలా బిగుసుకుని, మోకాలు మడతపడనంది. సైకిల్‌తో సహా గడ్డిలోకి ఒరిగాను.

"ఏమైంది బావగారూ?"

"ఏం లేదు, లేసు కట్టుకుంటున్నాను."

నా బూట్లకి లేసులు లేవు. ఇద్దరం వాటి వంకే చూశాం. ఆయన దిగి, నా పిక్క పట్టుకుని రుద్దడం మొదలెట్టారు. వియ్యంకుడు నా కాలు పట్టుకోవడం! లాక్కోబోతే ప్రాణం పోయినంత నొప్పి. అరగంట చూశాం. లేచి నిలబడగలిగాను గానీ తొక్కలేను.

"అమ్మాయికి ఫోన్ చేస్తాను" అన్నారు.

"మీరు చేస్తే మీ డ్రైవింగ్ పోతుంది. నేను నాకోసం చేసుకుంటాను. మీరు వెళ్లండి. ఇంకో పదిహేడు మైళ్లే."

"మిమ్మల్నిలా రోడ్డు మీద వదిలేసి వెళ్లనా? రేపు చెల్లెమ్మకి మొహం ఎలా చూపించను? పోతే పోయింది డ్రైవింగ్, ఇన్నాళ్లూ లేదుగా." ఫోన్ జేబులోంచి తీశారు.

ఆ గరాజ్‌లో చెప్పులేసుకుని నిలబడ్డ మనిషి కళ్ల ముందు మెదిలాడు. నాకు ఒళ్లు మండింది. "నువ్వు ఇప్పుడు ఆ సైకిలెక్కకపోతే నీకూ నాకూ చుట్టరికం లేదు! నా కాలు ఎక్కడికీ పోదు. వెళ్లవయ్యా బాబూ, వెళ్లు!" అని రోడ్డు దద్దరిల్లేలా అరిచాను. తొమ్మిదేళ్లలో ఆయన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు. ఆయన తన నీళ్ల సీసా తీసి నా పక్కన పెట్టబోయారు. అదీ వెనక్కి తోశాను. సైకిలెక్కారు. మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు లావణ్యకి ఫోన్ చేశాను.

ఆ అమ్మాయి వచ్చేదాకా గడ్డిలో నేను పడ్డ అవస్థ కాలి నొప్పి వల్ల కాదు. కుంటుకుంటూ ఈ బోర్డు నుంచి ఆ చెట్టు దాకా, ఆ చెట్టు నుంచి ఈ బోర్డు దాకా తిరిగాను. మెల్లగా తొక్కమని చెప్పానా? నీళ్లున్నాయా చూశానా? అరిచి పంపించాను, అరుపుకే ఏమైనా అయితే? ఒక ఇగువానా, పెద్ద తొండ లాంటిది, రాతి మీద కూర్చుని కదలకుండా నన్నే చూస్తోంది. దానంత తీరిక నాకు ఏ జన్మలోనూ రాదు.

వ్యాన్ ఆగగానే "నాన్న ఏరి?" అంది లావణ్య.

"ముందున్నారమ్మా."

"ఒంటరిగానా? మావయ్యా, మీకేమైనా మతి ఉందా?" అంటూనే నా సైకిల్ వెనక తగిలించింది. కీ వెస్ట్ నుంచి తను వస్తున్నప్పుడు ఆయన కనపడలేదట, మడ చెట్ల చాటు బాటలో ఉండి ఉంటారు. మూడు ద్వీపాలు దాటాక ఒక వంతెన మీద కనిపించారు. పసుపు కోటు, వంగిన వీపు, నింపాదిగా తిరుగుతున్న పాదాలు. లావణ్య వ్యాన్ నెమ్మది చేసింది. వెనకవాడు హారన్ కొట్టాడు. వంతెన మీద ఆగడానికి వీల్లేదు, పక్కనుంచి దాటిపోయాం. అద్దంలో ఆయన చిన్నగా అయిపోయేదాకా ఆ పిల్ల ఊపిరి తీసుకోలేదు.

అవతలి ద్వీపంలో రోడ్డు పక్క ఆపి దిగి నిలబడింది. ఆయన వచ్చారు. వ్యాన్ చూడగానే మొహం మాడింది.

"నేను కారెక్కనమ్మా."

"ఎక్కమనడానికి ఆగలేదు. నీళ్లున్నాయా?"

"ఉన్నాయి. బావగారి కాలెలా ఉంది?"

"బాగానే ఉంది, అరవడానికి" అంది. ఆయన నవ్వి పెడల్ మీద కాలు వేశారు. ఆ అమ్మాయి మళ్లీ వచ్చి కూర్చుని సీటు బెల్టు పెట్టుకుంది. "వెనక్కి కూడా చూడలేదు మావయ్యా" అంది. "ఎదురుగాలిలో వెనక్కి చూస్తే పడిపోతారమ్మా" అన్నాను.

కీ వెస్ట్‌లో సున్నా మైలు బోర్డు దగ్గర జనం వరసగా నిలబడి ఫోటోలు దిగుతుంటే, మేం వ్యాన్ పార్క్ చేసి ఎదురుచూశాం. ఎండ పచ్చబడే వేళకి వచ్చారు. ఫోటో వద్దన్నారు. సైకిల్ నా చేతికిచ్చి, మూడు గుక్కల్లో సీసా ఖాళీ చేశారు. లావణ్య డ్రైవర్ సీటు దిగి, వెనక తలుపు తీసుకుని వెళ్లి కూర్చుంది. ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని సీటు ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి జరిపారు. అద్దాలు మూడూ సర్దారు. సిగ్నల్ వేసి, ఖాళీగా ఉన్న రోడ్డుని ఇంకోసారి చూసుకుని బయల్దేరారు. హోటల్ రెండు మైళ్లు. రెండు మైళ్లూ వెనక సీట్లో లావణ్య కుడికాలు లేని బ్రేకుని నొక్కుతూనే ఉంది. నోరు మాత్రం ఎత్తలేదు.

ఇంటికొచ్చి నెలయింది. ఆ వంతెనలు నిజంగా ఎలా ఉన్నాయని ఎవరైనా అడిగితే నాకు సరిగ్గా చెప్పడం రాదు. చూడ్డానికి వెళ్లి, సగం దారి ఆయన ఊపిరి వింటూ, మిగతా సగం ఆయన వీపు కోసం వెతుకుతూ గడిపాను. మేం ఒకళ్లకొకళ్లం ఇచ్చుకున్న గౌరవంలో ఎంత మొహమాటమో, ఎంత ప్రేమో నేను విడదీయలేను. ఆ రోజు అది నా కాలుని దెబ్బతీసింది, ఆయన కష్టాన్ని కొద్దిలో మింగబోయింది. అలాగని అది లేని మనిషైతే నన్ను గడ్డిలో చూసి ఫోన్ తీసేవాడు కాదు. ఇప్పుడాయన గుడికి తనే వెళుతున్నారు, నన్ను కూడా ఎక్కించుకుని. పక్క సీట్లో ఊరికే కూర్చోవడం నాకెంత కష్టమో చెప్పలేను.

మీరు వెళ్లేట్టయితే ఒక్క సలహా: ఆగే చోట్లు ముందు రోజే ఖాయం చేసుకోండి. పెద్ద వంతెన దిగగానే పార్కు, బహియా హోండా, బిగ్ పైన్, ఆ తర్వాత గంటకోసారి. అలసినా అలసకపోయినా అక్కడ దిగాలి, నీళ్లు తాగాలి, కాళ్లు చాపాలి, అడగడాలు లేవు. తోడు వచ్చేది వియ్యంకుడైతే, కుర్చీలో ముందు ఎవరు కూర్చోవాలో కూడా నాణెం ఎగరేసి తేల్చుకుని మరీ బయల్దేరండి.