వదిన నీళ్ల అడుగున కూర్చున్న ఆదివారం

ఈ ప్రయాణానికి కారణం నా భుజాలు. ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు వంగి కూర్చున్న పుణ్యానికి, ఈదేటప్పుడు కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవడం మానేసింది. మా లలిత వదినది ఇంకో గొడవ. ఆవిడ మా అన్నయ్య భార్య, జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. యోగాలో ఒంటిని ఎటు కావాలంటే అటు వంచగలదు, ఊపిరి బిగపట్టడంలో ఆవిడ్ని మించినవాళ్లు లేరు, కానీ రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. అందుకే పోయినేడు నేనే పట్టుబట్టి ఈత నేర్పాను. "నీకు నా ఆసనాలు గావాలె, నాకు నీ ఈత గావాలె. రెండూ ఒక్కతాన్నే దొరికితే పోదాం సుధా," అంటూ గచ్చిబౌలిలో ఒక క్లబ్బును వదినే వెతికి పట్టుకుంది. ఆదివారం పొద్దున అక్కడ ముందు యోగా, వెంటనే ఈత. మీరూ అలాంటి చోటికి వెళ్లాలనుకుంటే ఇది చివరిదాకా చదవండి.

డిసెంబరు చలిలో ఆరింటికి మదీనాగూడలో ఆటో ఎక్కాం. మూడువందలు అడిగాడు. ఆ చలిలో బేరమాడే ఓపిక ఎవరికుంది! కొండాపూర్, కొత్తగూడ మీదుగా అరగంట కూడా పట్టలేదు. మామూలు రోజుల్లో అదే దారిలో నా జీవితం సగం కరిగిపోతుంటుంది. మంచు దట్టంగా ఉంది. డ్రైవర్ వెనక్కి తిరక్కుండానే, "గింత చలిల ఈతకా అమ్మా?" అన్నాడు.

"వేడినీళ్లేనండి," అన్నాను.

"ఏమో అమ్మా. ఆదివారం పొద్దుగాల గీ దిక్కు రావాలంటె నాకు ఎట్లనో ఉంటది. లైట్లన్నీ ఎలుగుతుంటయి, మనిషి మాత్రం కనవడడు."

నవ్వేశాను. అలాంటి అద్దాల భవనంలోనే నా ఉద్యోగం, నాకేం కొత్త? కానీ దిగి తలెత్తి చూస్తే నిజంగానే ఒళ్లు జలదరించింది. ఎదురుగా ఉన్న భవనంలో అంతస్తు తర్వాత అంతస్తు దీపాలు వెలుగుతున్నాయి. కుర్చీలన్నీ బల్లల ముందు సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. ఒక్క తల లేదు. మంచులో కింది అంతస్తులు కనిపించక, ఆ వెలుతురంతా గాలిలో నిలబడినట్టుంది.

క్లబ్బులో మనిషికి ఆరువందలు. నెత్తికి ఈత టోపీ తప్పనిసరి, లేకపోతే అక్కడే కొనిపిస్తారు కాబట్టి ఇంటినుంచే తీసుకెళ్లండి. ఈతకొలను భవనం వెనక ఉంది. నీళ్లమీద తెల్లటి ఆవిరి కదులుతోంది. గట్టున పదిమంది దాకా ఆడవాళ్లు చాపలు పరుచుకుని కూర్చున్నారు. గురువుగారి చాప మాత్రం ఖాళీగా ఉంది, దానిమీద ఒక నల్లటి స్పీకరు పెట్టారు.

"సార్ ఊళ్లె లేడు మేడం. గొంతు రికార్డు చేసి పెట్టిపోయిండు," అన్నాడు యాదగిరి. కొలను దగ్గర కాపలా ఉండి, ఎవరైనా మునిగితే తీసే మనిషి అతను.

గొంతు మాత్రం చాలా చక్కగా ఉంది, అబద్ధం చెప్పను. వీపు వెనక రెండు చేతులూ కలిపే గోముఖాసనం చేయిస్తే నా భుజంలో ఏదో ముడి వీడినట్టయింది. భస్త్రిక చేయించింది, అంటే వేగంగా, బలంగా ఊపిరి పీల్చి వదలడం. చివర శవాసనం. అందరం కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకున్నాం. "మిమ్మల్ని ఎవరూ పిలవరు," అంది ఆ గొంతు. "ఎవరూ తాకరు. మీకు రావాలనిపించినప్పుడే తిరిగి రండి." ఖాళీ చాప మీదనుంచి వస్తున్న ఆ మాట నాకెందుకో నచ్చలేదు. ఒక కన్ను తెరిచి చూశాను. వదిన ముఖం మీద పసిపిల్లల నిద్రలో ఉండేంత హాయి.

తర్వాత నీళ్లలోకి దిగాక ఆ గంటసేపటి యోగా విలువ తెలిసింది. నా కుడిచెయ్యి చెవి పక్కనుంచి సాఫీగా లేచింది. వదిన ఆ చివరినుంచి ఈ చివరికి ఆగకుండా ఈది వచ్చి, "చూసినవా, దమ్ము వస్తలేదు!" అని ఆయాసం లేనందుకు మురిసిపోయింది. యోగా కీళ్లు వదులు చేస్తుంది, ఊపిరికి ఒక లయ నేర్పుతుంది. ఆ ఊపిరికి నీళ్లు కష్టపడటం నేర్పుతాయి. రెండూ ఒకదానికొకటి ఇంత బాగా అతుకుతాయని నేననుకోలేదు.

ఆఖరి పావుగంట మౌనం. అది అక్కడి పద్ధతి. ఎవరూ మాట్లాడకూడదు, యాదగిరి విజిల్ ఊదకూడదు, ఎవరికి నచ్చిన సాధన వాళ్లు నీళ్లలో చేసుకోవాలి. స్పీకరు మళ్లీ శవాసనం మాటలు మొదలుపెట్టింది. వదిన మెడదాకా వచ్చే నీళ్లలో, మెట్ల కడ్డీ పట్టుకుని నిలబడి గబగబా భస్త్రిక చేసింది. గుండెలనిండా గాలి పీల్చుకుని, కడ్డీ పట్టుకునే కిందికి దిగి, అడుగున పద్మాసనం వేసుకుని కూర్చుంది.

ఈత కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలోంచి చూశాను. కళ్లు మూసుకుంది, ముఖంలో అదే హాయి. నా పక్కనున్న పెద్దావిడ కూడా చూసి, చేతులు జోడించి, "ఎంత సాధనో!" అని గుసగుసలాడింది. ఇంకో ఇద్దరు దగ్గరికొచ్చారు. నీళ్లు కదిలితే ఆవిడకి ఇబ్బందని అందరూ కదలకుండా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

మళ్లీ తల ముంచి చూసేసరికి కడ్డీ మీద చెయ్యి లేదు. వేళ్లు విడిపోయి నీళ్లలో తేలుతున్నాయి. మడిచిన కాళ్లు మడిచినట్టే ఉండగా మనిషి మెల్లగా ఒక పక్కకు ఒరుగుతోంది. ముక్కులోంచి ఒక్క బుడగ రావడంలేదు. ఈతగాళ్లం బుడగల్ని బట్టే మనిషి ఎలా ఉందో చెబుతాం.

"కదిలించకండమ్మా, ధ్యానంలో ఉన్నారు," అంటూ పెద్దావిడ నా భుజం పట్టుకుంది. విదిలించుకుని మునిగాను.

వదిన బరువుగా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పట్టుకుని లాగితే అభ్యంతరం లేనట్టు వచ్చేసింది. పైకి తెచ్చేసరికి పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. "యాదగిరీ!" అని నేను అరిచిన అరుపుకి ఆ మౌనం పగిలింది. అతను దూకి, వదినను గట్టుమీదికి చేర్చి, ముక్కు మూసి నోట్లోకి ఊదాడు. ఒకసారి. ఇంకోసారి. స్పీకరు ఆపాలని ఎవరికీ తోచలేదు. వదిన దగ్గి నీళ్లు కక్కింది. ఆ నీళ్లు గొంతుకు అడ్డంపడకుండా యాదగిరి ఆమెను పక్కకు తిప్పుతున్న క్షణానే ఆ గొంతు ఎంతో ప్రేమగా, "నెమ్మదిగా కుడివైపుకి తిరగండి," అంది. ఒకావిడ కెవ్వుమంది. "విజిల్ ఊదొద్దన్నరు మేడం, నేనేం జేయాలె," అని యాదగిరి ఏడుపు గొంతుతో అదే మాట అంటూనే ఉన్నాడు.

అంబులెన్స్‌లో దవాఖానకు వెళుతుంటే వదిన ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి నా వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"ఎందుకు లేపినవ్ సుధా? మస్తు మంచిగ ఉండె," అంది.

డాక్టరు చెప్పింది విన్నాక ఆ మాటకు అర్థం తెలిసింది. గబగబా ఊపిరి తీసి ఆ వెంటనే బిగపడితే, లోపల గాలి అయిపోతున్నా ఒంటికి ఊపిరాడనట్టు అనిపించదట. పెనుగులాట ఉండదు, హాయిగానే స్పృహ పోతుంది. అది విని సాయంత్రం మా అన్నయ్య కాఫీ తెచ్చేదాకా వదినా నేనూ చేతులు పట్టుకుని కూర్చున్నాం. అప్పుడు వదిన ఏడ్చింది.

మేము ఈతా మానలేదు, యోగా మానలేదు. నా భుజం బాగుంది, వదిన మూడంతస్తులు ఎక్కుతోంది. గట్టుమీద ఊపిరి బిగపడితే అది సాధన, నీళ్లలో అదే పని చేస్తే ప్రాణంతో ఆట. నీళ్లలో దిగాక మేమిద్దరం ముక్కుతో ఊపిరి వదులుతూనే ఉంటాం. కానీ ఇప్పటికీ వదిన మా ఇంట్లో సోఫా మీద కళ్లు మూసుకుని ప్రశాంతంగా కనిపిస్తే నేను ఊరుకోలేను. వంటింట్లోంచి ఏదో ఒకటి అడుగుతాను, ఉప్పెక్కడుంది అనో, టైమెంత అనో. ఆవిడకీ తెలుసు. "ఉన్న సుధా, ఈడ్నే ఉన్న," అంటుంది.

మీకు ఒక్కటే సలహా. నీళ్లలో కదలకుండా ఉన్న మనిషి ముఖం ఎంత హాయిగా కనబడితే అంత అనుమానించండి. మౌనం, ధ్యానం ఏమీ చూడకుండా వెళ్లి తాకండి. తిడితే తిట్లు పడండి.