సగం దించిన షట్టర్

మా బాపు పోయినప్పుడు వరంగల్ బజారు మూడు దినాలు బందైందని మనుమలకు చెప్తుంటాను. అది అబద్ధం. మధ్యాహ్నం దాకే బందైంది. అయినా ఆ డెబ్బైలలో బజారులో ఎవరు పోయినా పాడె దాటిపోయేదాకా ఒక్క దుకాణం తెరిచేవాళ్లు కాదు. చాయ్ హోటలాయన కూడా పొయ్యి ఆర్పి బయట నిలబడేవాడు.

ఎనభైలలో, మా బట్టల దుకాణం పక్కన కిరాణం నడిపే కాక పోయాడు. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. ఆయన పాడెకు ముందు భుజం నాదేనని చాలామందికి చెప్పాను. నిజానికి ఆ పూట నేను గడప దాటలేదు. లోపల పెళ్లివారు చీరలు చూస్తున్నారు, లేపితే మళ్లీ రారని నా భయం. డప్పులు దగ్గరికి రాగానే షట్టర్ సగం దించి, "జర లోపటికి జరుగుండ్రి అమ్మా, చూసుడు ఆపకుండ్రి" అన్నాను. షట్టర్ కింద నుంచి పాడె మోసేవాళ్ల కాళ్లు కనిపించాయి.

దినాలయ్యాక కాక భార్య వచ్చి నా చేయి పట్టుకుంది.

"షట్టర్ దించినవు, చూసిన బిడ్డా. మీ కాకంటే నీకెంత పాయిరం, ఎంత ప్రేమ!"

"గిరాకీ ఎటువోతది చిన్నమ్మా, కాక మళ్ల వస్తడా?" అన్నాను.

ఎదురు దుకాణాయన మాత్రం అంతా చూశాడు. తర్వాతి చావుకు ఆయనా సగమే దించాడు. కొన్నేళ్లకు ఆ సగం కూడా ఎవరూ దించలేదు. పాడె పోతుండగానే బేరాలు నడిచాయి. కాలం మారిందని అందరూ అంటుంటే నేనూ తలూపేవాణ్ని. మొదట నేనే చేశానని ఇప్పుడు చెప్తున్నాను. చెప్పినంత మాత్రాన ఎవరి షట్టరూ దిగదు.