తెల్లగా వచ్చిన ప్లగ్గు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెలుపంటే మంచిది. మాది వరంగల్ కొత్తవాడ. మా బాపు జంపఖానాలు నేసేవాడు. నూలు తెల్లగా ఉంటే మంచి నూలు, మసక వేస్తే తిప్పి పంపాల్సిన నూలు. మాకు తెలిసిన శాస్త్రం అంతే. ఆ శాస్త్రం పట్టుకునే బాపు తన మోటారు సైకిలుకు కూడా వైద్యం చేశాడు.

అది ఎవరో వాడి వదిలేసిన పాత బండి. నేసిన జంపఖానాలు వెనక కట్టుకుని ములుగు వైపు ఊళ్లకు తిరగడానికి కొన్నాడు. బరువు వేసుకుని ఎత్తు ఎక్కాలంటే మూలిగేది. ఇంజన్ లోపల పిస్టను పైకి వచ్చే వేళకు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడాలి. ఆ రవ్వ సరిగ్గా ఎప్పుడు పడాలో కుదర్చడాన్నే టైమింగు అంటారు. టైమింగు కాస్త ముందుకు జరిపితే బండి లాగుతుందని చాయ్ హోటల్లో ఎవరో చెప్పారు. ఉచిత సలహాకు మా బాపు ఎప్పుడూ లొంగిపోయేవాడు. ఇంటికొచ్చి, ఇంజన్ పక్క మూత విప్పి, లోపలి ప్లేటు స్క్రూలు వదులు చేసి కొంచెం తిప్పేశాడు.

నిజం చెప్పొద్దూ, బండి లేచి ఉరికింది. వారం రోజులు బాపు ముఖంలో వెలుగు చూడాలి. పెట్రోలు టాంకు మీద కూర్చునే నాకు మాత్రం రెండు సంగతులు కొత్తగా తెలిశాయి. ఒకటి, ఇంజన్ వేడి మోకాళ్లకు తగలడం. రెండోది, ఎత్తు ఎక్కేటప్పుడు లోపల ఎవరో గోళీలు ఆడుతున్నట్టు సన్నగా టిక్కు టిక్కు మని చప్పుడు. నాకు ఆ చప్పుడు ముచ్చటగా ఉండేది.

మట్టెవాడలో ఒక చాచా ఉండేవాడు. బండ్ల మెకానిక్. మా దిక్కు బండి ఉన్న ప్రతి ఇంటివాళ్లూ దవాఖానకు పరీక్ష కోసం సీసా పంపినట్టు, ప్లగ్గు విప్పి గుడ్డలో చుట్టి పిల్లల చేత ఆయన దగ్గరికి పంపేవారు. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి, కొనను నిదానంగా తిప్పి చూసి జబ్బు చెప్పేవాడు. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని, తడిగా ఉంటే ఆయిలు ఎక్కువైందని, ఇటుక రంగులో ఉంటే దిగుల్లేదని. బండి చూడకుండానే చెప్పేవాడు. ఆయన మాట తప్పిందని నేనెప్పుడూ వినలేదు.

బండి ఉరకడం మొదలై వారమైంది. తెల్లారితే మేం ములుగు దాటి మా అమ్మమ్మ ఊరికి పోవాలి. అయిదు నెలల తమ్ముణ్ణి అమ్మమ్మ ఇంకా చూడనేలేదు. బాపు, ఒళ్లో తమ్ముడితో అమ్మ, టాంకు మీద నేను. బళ్లో అందరికీ చెప్పుకున్నాను కూడా. ఆ సాయంత్రం బాపు ప్లగ్గు విప్పాడు. అది తెల్లగా, ఉతికి ఆరేసిన నూలులా ఉంది. అమ్మను పిలిచి చూపించాడు. తర్వాత నా చేతికిచ్చి, చాచాకు చూపించి ఏమన్నాడో చెప్పమన్నాడు. తాను లోపల చెయ్యి పెట్టిన సంగతి మాత్రం చెప్పొద్దన్నాడు.

నేను వెళ్లేసరికి చాచా చేతులు కడుక్కుంటున్నాడు. ప్లగ్గు చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్లి మళ్లీ చూశాడు. ఎప్పుడూ నన్ను ఏదో ఒకటి అని ఏడిపించే మనిషి, ఆ రోజు ప్లగ్గు మీంచి కళ్లే తియ్యలేదు. నాకు ఎందుకో అక్కడి నుంచి పరిగెత్తి పోవాలనిపించింది. చివరికి నన్ను దగ్గరికి పిలిచి, తెల్లటి పింగాణీ మీద ఉన్న చుక్కలు చూపించాడు. ఆవగింజలో సగం కూడా లేవు. మెరుస్తున్నాయి.

"ఇది మసి గాదు బిడ్డా. లోపల పిస్టను కరుగుతాంది. గా కరిగిందే వచ్చి ఈడ అంటింది. ఎవలో టైమింగు ముట్టిన్రు. నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేస్తే ఎనక చక్రం బిగుసుకపోతది. అది లారీలు తిరిగే తొవ్వ. బండి బయటికి తియ్యొద్దని బాపుకు చెప్పు. పొద్దుగాల నేనే వస్త."

నాకు అర్థమైంది. చిన్నపిల్లను, తెలియలేదు అని ఇన్నేళ్ల తర్వాత తప్పించుకోను. ప్రతి మాటా అర్థమైంది. కానీ మట్టెవాడ నుంచి కొత్తవాడకు నడిచే ఆ కాసేపట్లో నా మనసు బేరాలు మొదలుపెట్టింది. ఇంత చిన్న చుక్కలు ఏం చేస్తాయి? వారం రోజులు ఉరికిన బండి ఇంకొక్క రోజు ఉరకదా? చెబితే ప్రయాణం ఆగుతుంది, బాపు ముఖం మాడిపోతుంది, నాలుగు తిట్లు నాకూ పడతాయి. ఇంటికెళ్లేసరికి బాపు గుమ్మంలోనే ఉన్నాడు. చాచా బాగుందన్నాడని చెప్పాను. అంత సులువుగా నోటి నుంచి వస్తుందని నేనూ అనుకోలేదు.

తెల్లవారింది. బాపు కిక్కు కొట్టాడు. నేను టాంకు మీద కూర్చున్నాను. అమ్మ తమ్ముణ్ణి కొంగులో చుట్టుకుని వెనక ఎక్కింది. ఇంజన్ వేడి మోకాళ్లకు తగలగానే ఆ మెరిసే చుక్కలు గుర్తొచ్చాయి. చెప్పాలనుకున్నాను. చెప్పకుండా టాంకు మూత గట్టిగా పట్టుకున్నాను. బాపు గేరు వేస్తుండగా గల్లీ మొదట్లో సైకిలు కనిపించింది. చాచా వస్తున్నాడు. హాండిలుకు పనిముట్ల సంచి వేలాడుతోంది.

మమ్మల్ని నలుగుర్నీ బండి మీద చూసి ఆయన సైకిలు అడ్డంగా ఆపేశాడు. బాపు నవ్వుతూ, ప్లగ్గు బాగుందన్నవట గద భాయ్ అన్నాడు. చాచా నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేను తలదించుకున్నాను. అప్పుడాయన, "అవు, నేనే అన్న. చీకటి పడ్డంక చూసిన, సక్కగ కనవడలే. తప్పు నాదే. జర దిగున్రి, మల్ల చూస్త" అన్నాడు.

దిగాం. చాచా ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి ఆకురాయితో గీత గీసిన సైకిలు చక్రం పుల్ల ఒకటి దించాడు. పిస్టను రవ్వ పడాల్సిన చోటికి ఎక్కితే ఆ గీత రంధ్రం అంచుకు వస్తుంది. పక్క మూత తీసి, నిప్పురవ్వను పుట్టించే రెండు పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ముక్క పెట్టాడు. కాగితాన్ని బాపు చేతికిచ్చి మెల్లగా లాగిపట్టుకోమని, తాను ఇంజన్‌ను చేత్తో తిప్పాడు. పాయింట్లు విడిపోగానే కాగితం వదులవుతుంది, రవ్వ పడేది ఆ క్షణంలోనే. పుల్ల మీది గీత రంధ్రం అంచుకు ఇంకా ఎంతో దూరంలో ఉండగానే కాగితం బాపు చేతిలోకి ఊడి వచ్చింది. పైకి వచ్చే పిస్టను నెత్తి మీద వారం రోజులుగా ముందే దెబ్బ పడుతోందని చాచా చెప్పాడు.

తర్వాత నాలుగు నట్లు విప్పి ఇంజన్ తల ఎత్తాడు. పిస్టను అంచు చెదలు తిన్నట్టు ఉంది. నడిమధ్య గుంట పడింది. చాచా స్క్రూడ్రైవరు కొన ఆ గుంటలో పెట్టి బొటనవేలితో కొంచెం నొక్కాడు. అంతే, అటువైపు దిగిపోయింది.

అమ్మ తమ్ముణ్ణి గుండెకు అదుముకుని అక్కడే కూలబడింది. బాపుకు ముందు భయం వేసింది, తర్వాత కోపం వచ్చింది. ప్లేటు తిప్పిన చెయ్యి తనదే అయినా ఆ కోపమంతా చాచా మీద పోశాడు. నీ మాట నమ్మి నా పెండ్లాం పిల్లలను లారీ కింద పెడుదును గదా అని గల్లీ అంతా వినేట్టు అరిచాడు. చాచా కొత్త పిస్టను తెస్తానని సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. నేను గడప పట్టుకుని నిలబడి అంతా విన్నాను. నోరు మాత్రం తెరవలేదు.

మాటకు కాళ్లుంటాయి. చాచాకు చూపు మందగించిందని, మంచి ప్లగ్గేదో చెడ్డదేదో పోల్చుకోలేకపోతున్నాడని వాడంతా పాకింది. పిల్లలు ప్లగ్గులు పట్టుకుని వేరే దుకాణాలకు వెళ్లడం నేనే చూశాను. కొన్నాళ్లకు ఆగలేక మట్టెవాడ వెళ్లాను. దుకాణం ముందు ఒక్క బండీ లేదు. ఏడుస్తూ నిలబడితే ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. బాపుకు ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే మీ బాపు నిన్ను కొడుతుండె. గా దెబ్బ నాలుగు దినాలకు మర్సిపోదువు, గిది మాత్రం మర్వవు" అన్నాడు. నా కళ్లు తుడిచి, "చెడ్డ కబురు మోసుకపోయేటోళ్లు తొవ్వల ఆగొద్దు బిడ్డా" అన్నాడు.

ఆ సాయంత్రమే బాపుకు చెప్పేశాను. కొట్టలేదు. అంగీ తొడుక్కుని మట్టెవాడ వెళ్లి, చాచా చేతులు పట్టుకుని మాఫీ అడిగాడట. చాయ్ హోటల్లో అందరి ముందూ తప్పు తనదేనని చెప్పుకున్నాడు. విన్నవాళ్లు తలూపారు. కొందరు తిరిగి వచ్చారు, చాలామంది రాలేదు. నమ్మకం పోయినంత తొందరగా తిరిగి రాదని నాకు అప్పుడే తెలిసింది. చాచా మాత్రం నేను కనబడితే మునుపటిలాగే ఏడిపించేవాడు. అది నాకు తిట్టు కంటే బరువుగా ఉండేది.

పెద్దయ్యాక దవాఖానలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో చేరాను. రిటైరయ్యే వరకు అదే పని చేశాను. చెడ్డ రిపోర్టు వచ్చినప్పుడు తోటివాళ్లు, చాయ్ తాగి ఇద్దాంలే, పొద్దున ఇద్దాంలే అనేవారు. నేను ఆ కాగితం పట్టుకుని అప్పుడే లేచేదాన్ని. డాక్టరు గది వరకూ కాళ్లు వణికేవి. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ వణుకు తగ్గలేదు, ఒక్కసారి కూడా నేను దారిలో ఆగలేదు.