నశ్యం డబ్బీ మీది బొటనవేలు

మీరు ఆఖరుసారి ఎవరి ముఖం చూసి మీ మాట మింగేశారు? గుర్తు లేదని అనకండి. నాకైతే ఆ చోటు, ఆ పూట, ఆ పూట తిన్న తిండితో సహా గుర్తుంది.

పోయిన నెల మా వీధిలోకి పాత పరుపులు ఏకి కుట్టే మనిషి వచ్చాడు. ఆదోనికి ఏడాదికోసారి వస్తాడు, బండి మీద యంత్రం పెట్టుకుని. మా పరుపు గలీబు విప్పి దూదిని యంత్రంలోకి తోయగానే ఎండ, దుమ్ము, పత్తిగింజల నూనె కలిసిన ఒక పాత వాసన వాకిలంతా కమ్ముకుంది. నేను ఒక దూదిపింజ తీసి తొమ్మిదేళ్ల మా మనవరాలి చేతిలో పెట్టి, రెండు చేతుల బొటనవేళ్ల కింద పట్టి ఎలా లాగాలో చూపించి, "పోగు పొడుగా, పొట్టా? చెప్పు" అన్నాను. ఆ పిల్ల దూదిని చూడలేదు. నా ముఖం చూసింది.

యాభై ఏళ్ల కిందట నేనూ అలాగే చూసేదాన్ని.

మా తాతకు ఆదోనిలో రైతుల దగ్గర పత్తి కొనే మండీ ఉండేది. దీపావళి దాటి చలి మొదలైందంటే కోసిగి నుంచి, గోనెగండ్ల నుంచి, తుగ్గలి పక్క పల్లెల నుంచి ఎడ్లబండ్లు తెల్లారేసరికి మా వాకిలి ముందు బారు తీరేవి. ఎడ్ల మెడగంటలు, మంచుకు తడిసిన గోనెల వాసన, రైతుల బీడీ పొగ, ఎదురుగా పొయ్యి మీద వేగుతున్న మిరపకాయ బజ్జీలు, వాటి పక్కన పసుపు పచ్చగా కుప్పపోసిన బొరుగుల ఉగ్గాని, దూరంగా జిన్నింగు మిల్లు చేసే ఆగని రొద, అన్నీ కలిసి మమ్మల్ని నిద్ర లేపేవి. పత్తి ఎగరని చోటు ఉండేది కాదు. జడలో పత్తి, కనురెప్పల మీద పత్తి, ఊరగాయ జాడీ మూత తీస్తే అందులోనూ పత్తి. పండగ పూట అవ్వ ఓళిగలు చేసి, వాటి మీద ఒకటికి రెండు తడిగుడ్డలు కప్పి కాపలా కూర్చునేది. మేము పత్తి కుక్కిన గోనె బోరాల మీద నుంచి బోరాల మీదికి దూకి, ఒళ్లంతా దురద పెట్టుకుని, శనివారం సీకాయ తలంటికి ఏడ్చేవాళ్లం.

తాత గద్దె మీద తెల్లటి పంచెలో, చేతిలో ఇత్తడి నశ్యం డబ్బీతో కూర్చునేవాడు. ఆ బజారులో గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టని అంగడి మాదొక్కటే. పిల్లి ఎదురొచ్చినా ఆగేవాడు కాదు. సోదె చెప్పేవాళ్లు వస్తే పిడికిలి బిగించి, "ఇందులో ఏముందో సెప్పప్పా, నీ కాళ్లకు మొక్కుతా" అనేవాడు. పిడికిట్లో ఏమీ ఉండేది కాదు. చేత్తో పట్టి చూడనిదాన్ని నమ్మొద్దని నాకు అక్షరాల కంటే ముందు నేర్పింది ఆయనే. నేను ఈరోజు వేదికలెక్కి మూఢనమ్మకాల మీద వాదించే ప్రతి వాదానికీ మొదటి గురువు ఆయనే. అందుకే ఈ నాలుగు మాటలు రాయడం ఇంత కష్టంగా ఉంది.

పత్తిని చూడడం కూడా ఆయనే నేర్పాడు. బోరాలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, పైన పరిచిన పత్తి కాకుండా అడుగున ఉన్నది గుప్పెడు తీయాలి. గింజ వదిలించి, పింజను రెండు బొటనవేళ్ల కింద పట్టి మెల్లగా లాగాలి. విడిపోయిన పోగులను ఒకదాని మీద ఒకటి పేర్చి, మళ్లీ లాగి, మళ్లీ పేర్చితే చివరికి వేళ్ల మధ్య తెల్లటి చిన్న దువ్వెనలాంటిది మిగులుతుంది. దాని పొడవే ఆ రైతు ఏడాది. పొడుగు పోగైతే ఎక్కువ ధర, పొట్టి పోగైతే తక్కువ ధర. ఎనిమిదేళ్లకే నా వేళ్లకు అది పట్టుబడింది. కళ్లు మూసుకుని చెప్పేదాన్ని.

అప్పటి నుంచి తాత నన్ను గద్దె పక్కన కూర్చోబెట్టుకునేవాడు. రైతు ధర దగ్గర గునిస్తే తాత నవ్వి, "నా మాట ఎందుకప్పా, పాప సెప్తాది. పిల్లోళ్లకు అబద్ధం రాదు" అనేవాడు. నేను లాగి చూసి చెప్పేదాన్ని. నా జవాబు నచ్చితే ఆయన బొటనవేలితో డబ్బీ మూత ఎగరగొట్టి, ఒక పట్టు నశ్యం పీల్చి, "భేష్" అనేవాడు. నచ్చకపోతే డబ్బీ తెరవకుండా చేతిలో తిప్పుతూ ఉండేవాడు. అంతే. అబద్ధం చెప్పమని ఆయన నాకు ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పి ఉంటే బహుశా నేను వినేదాన్ని కాదు. ఆ మూత టక్కున తెరుచుకునే చప్పుడు కోసం, ఆ ఒక్క భేష్ కోసం, నేనే నేర్చుకున్నాను. ఒక సీజను తిరిగేసరికి నేను పింజను లాగుతూ చూసేది పింజను కాదు, మూత మీది బొటనవేలిని.

కోసిగి దగ్గరి పల్లె నుంచి వచ్చే ఈరన్నకు నేనంటే ముద్దు. వచ్చినప్పుడల్లా తువ్వాలు కొంగున వేయించిన చెనక్కాయలు తెచ్చేవాడు. ఆయన కూతురుది నా ఈడు. ఏటా సంక్రాంతి తర్వాత ఊళ్లో పనిలేక ఆ ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే ఎక్కడో కోతపనులకు వలస పోయేవాళ్లు. ఆ పిల్ల బడి ప్రతి ఏడూ అక్కడితో ఆగేది. నా మూడో తరగతి వాచకం ఆ పిల్లకని అడిగి పట్టుకుపోయాడు.

ఆ ఏడు ఈరన్న తెచ్చిన పత్తిలో చెయ్యి పెట్టగానే నాకు తెలిసింది. అంత మంచి పత్తి ఆ సీజనులో మా మండీకి రాలేదు. తాత పోగు పొట్టిదన్నాడు. ఈరన్న ఒప్పుకోలేదు.

"ఇంత బాగుంటే పొట్టి అంటావేంది సావుకారీ? ఈ తూరి సుగ్గికి పోకుండా పిల్లను సదివించుకుందామని ఉండాను."

"పాపను అడుగు మల్ల."

ఈరన్న నా వైపు తిరిగాడు. "సెప్పు సరోజమ్మా. నువ్వు ఎట్లంటే అట్ల."

నా వేళ్ల మధ్య పొడుగాటి, పట్టులాంటి పోగులు ఉన్నాయి. డబ్బీ తాత చేతిలో మెల్లగా తిరుగుతోంది. ఆ పొద్దున తిన్న ఉగ్గాని రుచి ఇంకా నోట్లో ఉంది.

"పొట్టే" అన్నాను.

మూత టక్కుమంది. ఈరన్న పొట్టి పోగు ధరకే ఒప్పుకున్నాడు. చెనక్కాయలు నా ఒళ్లో పోసి, ఎడ్లు విప్పడానికి వెళ్లాడు.

సంక్రాంతి దాటాక మా మేనత్తను రైలెక్కించడానికి అవ్వతో కలిసి స్టేషనుకు పోయాను. ప్లాట్‌ఫారం మీద మూటలు, రొట్టెల పెనం, బుట్టలో ఒక కోడి, వాటి మధ్య ఈరన్న కుటుంబం. నన్ను చూసి ఆయన ముఖం వెలిగింది.

"యాడికి తల్లీ?"

"అత్తను ఎక్కించడానికి. మీరు?"

"సుగ్గికి పోతాండాము, మిరపకోతకు. పత్తి సరిగా రాలేదు కదమ్మా. నువ్వు సెప్పబట్టి తెలిసింది, ఇత్తనం అమ్మినోడు నన్ను ముంచినాడని. వచ్చే ఏడు ఇత్తనం మారుస్తా."

ఆయన కూతురు మూట మీద కూర్చుని ఉంది. మూట తాడు కింద నా వాచకం అట్ట కనిపిస్తోంది. రైలు వచ్చింది.

ఆ మధ్యాహ్నం తాత జొన్నరొట్టె, వంకాయకూర తింటున్నాడు. ఎదురుగా కూర్చుని అడిగాను. "తాతా, ఈరన్న పత్తి మంచిదే కదా?"

"మంచిదే."

"మరి?"

"యాపారం పాపా. నా మాటను వాడు పది తీర్ల అనుమానిస్తాడు. నీ మాట ఊరికే నమ్ముతాడు." చెయ్యి కడుక్కుని, డబ్బీ తెరిచి, నవ్వాడు. "నువ్వు తెలివైనదానివి. సెప్పకుండానే తెలుసుకున్నావు."

ఆ మెచ్చుకోలుకు నా ఒళ్లు ఒక్క క్షణం పొంగింది. తాత చేసిన ద్రోహం కంటే ఆ పొంగునే నేను ఇంతవరకూ క్షమించలేకపోయాను.

చేత్తో పట్టి చూడమని నేర్పినవాడే నా చేతిని అమ్ముకున్నాడు. కానీ అమ్మకానికి పెట్టింది నేను. మళ్లీ గద్దె మీదికి పిలిచినప్పుడు నేను ధైర్యంగా నిజం చెప్పానని రాసుకుంటే బాగుండేది. అంత లేదు. చేతులు వెనక్కి పెట్టుకుని "నాకు తెలీదు తాతా" అన్నాను. డబ్బీ చాలాసేపు తిరిగింది. "పొగరెక్కింది దీనికి" అన్నాడు. ఆ తర్వాత ఆయన నన్ను పాపా అని పిలవలేదు. మరుసటి ఏడు ఈరన్న చెప్పినట్టే విత్తనం మార్చాడనీ, అది వాళ్ల నేలకు పట్టలేదనీ ఎవరో అన్నారు. ఆయన బండి మా మండీకి మళ్లీ రాలేదు. ఆయన మంచి విత్తనాన్ని నా ఒక్క మాట మీద పారేశాడు. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నేను ఏనాడూ కోసిగి పోలేదు.

తాతను వదిలాను, డబ్బీని వదల్లేదు. పెద్దయ్యాక సభల్లో మాట్లాడడం మొదలుపెట్టాను. చప్పట్లు ఆ మూత చప్పుడులాగే ఉండేవి. ఒకసారి ఎమ్మిగనూరులో, మగ్గాలవాళ్ల వీధి చివర ఒక సభలో, మా సంస్కర్తలే ఇళ్లలో ముహూర్తాలు పెట్టించుకుంటున్నారని చెప్పబోయి, అధ్యక్షుడి నొసలు ముడిపడడం చూసి, మాట తిప్పేశాను. అందరూ మెచ్చుకున్నారు. బస్సులో ఆదోనికి తిరిగివస్తుంటే నోట్లో ఉగ్గాని రుచి తగిలింది. మూఢనమ్మకాలన్నిటిలోకీ మొండిది ఇదే: పక్కవాడి ముఖంలో నిజం రాసి ఉంటుందని నమ్మడం. దాని మీద మనం ఒక్క సభ కూడా పెట్టలేదు.

ఇప్పుడు మా మండీ ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి ఉంది. ఎడ్లబండ్లు లేవు. మార్కెట్‌యార్డులో తేమ చూసే మీటర్లు వచ్చాయి, ధర తెరమీద పడుతుంది, ఉగ్గాని మాత్రం అలాగే ఉంది. పింజ లాగి చెప్పే వేళ్లు పోయాయి. కోసిగి నుంచి సుగ్గికి పోయే మూటలు పోలేదు.

మా వాకిట్లో మనవరాలు ఇంకా నా ముఖమే చూస్తోంది. ఆ చూపు దానికి ఎవరు నేర్పారో నాకు అప్పుడు అర్థమైంది. మార్కులు చూసి నవ్వింది నేను, బొమ్మ బాగా గీయలేదని పెదవి విరిచింది నేను. మా ఇంట్లో నశ్యం డబ్బీ లేదు. నా ముఖమే చాలింది.

నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. తర్వాత వెనకనుంచి, "పొట్టిది అవ్వా" అంది.

పొడుగుదని నా లెక్క. "ఎట్లా తెలిసింది?" అన్నాను తిరగకుండానే.

"లాగితే తొందరగా తెగిపోతాంది."

పరుపు పాతది. దూది నలిగిపోయింది. ఆ పిల్ల వేళ్లే నిజం చెప్పాయి. అవి తప్పే చెప్పి ఉన్నా దిద్దకూడదనే తిరిగాను. దిద్దాలని నాలుక ఎంత కొట్టుకుందో నాకే తెలుసు.

ఈ పుట మూసేయండి. మీ ఇంట్లో మీకంటే చిన్నవాళ్లను పిలిచి, మీకు బాగా తెలుసనుకున్న ఒక విషయం అడగండి. అడిగి, గోడవైపు తిరగండి. జవాబు వచ్చేదాకా ఇటు తిరగకండి.