కన్నమ్మ గుమ్మిలో చల్లిన బూజు

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న చివరి ఏళ్లలో నేను కోంటా దగ్గర పంటల పురుగుల పని చూసే చిన్న ఉద్యోగిని. తొలకరి పడిందంటే చాలు, ఇళ్లలో జొన్నగుమ్ములకు ముక్కుపురుగు పట్టేది. గుమ్మి అంటే వెదురుతో అల్లి పేడ మెత్తిన పెద్ద ధాన్యపు బుట్ట. శ్రావణానికల్లా అందులో పిండే మిగిలేది. ఇక పిల్లాజెల్లా అడవి దుంపలతో కడుపు నింపుకోవాల్సిందే.

పురుగులను చంపే బూజు ఒకటుంది. దాన్ని సీసాల్లో, ఉడికిన అన్నం మీద పెంచేవాణ్ణి. దాన్నే మేము కల్చర్ అంటాం. దాని నుంచి రాలే తెల్లటి పొడి, అంటే స్పోర్లు, పురుగు ఒంటికి అంటుకుని లోపలికి మొలుస్తాయి. పురుగు సుద్దముక్కలా బిగుసుకుపోతుంది. మనుషులకు భయం లేదు. పట్టుపురుగుకు మాత్రం యముడే. అందుకే ఏ ఇంట్లో చల్లబోయినా ముందు ఒక మాట అడిగేవాణ్ణి.

దోర్ల తెగ రైతు ఇల్లాలు కన్నమ్మనూ అడిగాను. "ఇంట్లో దసలి కాయలు ఏమైనా దాచావా అమ్మా? ఉంటే ఇది చల్లకూడదు." దసలి అంటే మద్దిచెట్ల మీద పెరిగే అడవి పట్టు. ఆ పురుగు కట్టే గూళ్లనే కాయలంటారు.

"కాయలేంది దొరా? మా ఇంట్ల అసొంటియి లేవు. జొన్నలు సూడు, పిల్లలకు గవ్వే దిక్కు."

చల్లాను. వానగాలి తేమకు బూజు చక్కగా అందుకుంది. కొద్దిరోజులకే ముక్కుపురుగులు తెల్లగా బిగుసుకుని గుమ్మి అడుగున పడ్డాయి. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

ముసురు పట్టిన ఒకరోజు కన్నమ్మ నన్ను మద్దిచెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. ఆకుల నిండా దసలి పురుగులు, ఒక్కటీ కదలడం లేదు. అన్నీ తెల్లగా ఉన్నాయి. వేసవంతా విత్తనపు కాయలను గుమ్మి పైన దూలానికే దండలు కట్టి, గోనె కప్పి దాచారట. నేను చల్లిన పొడి లేచి వాటికి అంటింది. కాయల్లోంచి వచ్చిన సీతాకోకలతో, అవి పెట్టిన గుడ్లతో చెట్టెక్కింది. ఆ ఇంటికి ఏడాది ఉప్పూ బట్టా వచ్చేది ఆ పట్టు మీదే.

"అడిగాను కదమ్మా, లేవని ఎందుకన్నావు?"

"కొత్త పురుగు గూడు కట్టకముందు ఇంట్ల విత్తనం కాయలున్నయని బయటోళ్లకు చెప్పొద్దు దొరా. చెప్తే సస్తయంటరు. మా అత్త గట్లనే నేర్పింది." ఒక పురుగును ఆకు మీది నుంచి తీసి అరచేతిలో పెట్టుకుంది. "చెప్పకున్నా సచ్చినయి గదా."

నాకు ఎవరి మీదా కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఆ పూట ఆమె నాకు జొన్నరవ్వ ఉడికించిన గటక పెట్టింది. ఒక్క పురుగూ తొలచని జొన్నలు.

తమ దగ్గర ప్రాణంలా ఉన్నదాని గురించి ఎవరూ బయటివాడికి చెప్పరని అప్పుడు తెలిసింది. తెలిసినా చేయగలిగిందేమీ లేదు. కాయలు లేవంటే నమ్మలేను, ఇల్లు వెతకలేను. ఇక మద్దిచెట్లు లేని ఊళ్లోనే చల్లుదామని సీసాలు పట్టుకుని తిరిగాను. ఆ అడవిలో అలాంటి ఊరు ఒక్కటీ కనబడలేదు.

మరుసటి తొలకరికి కన్నమ్మ గుమ్మికి మళ్లీ ముక్కుపురుగు పట్టింది. సీసాలు మూత తీయకుండా నా దగ్గరే ఉన్నాయి.