రైలుకంటే ముందు వచ్చిన కావడి

ఇట్లా దగ్గరికి జరిగి కూచోండి. గోడకు ఆనుకుంటే నిద్ర పడుతుంది, చాప మీదికి రండి. మా మరిది మునస్వామి ఎంత దూరం పరిగెత్తాడు, ఎన్ని కప్పులు గెలిచాడు అని అందరూ నన్ను అడుగుతారు. అవి నాకు గుర్తుండవు. నాకు బాగా గుర్తున్నది ఒక్క ప్రయాణం, తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి. మీరూ ఎప్పుడో ఒకప్పుడు పోతారు కాబట్టి ఎక్కాల్సిన బండి ఏదో చెబుతాను. ఎక్కకూడని బండి సంగతి ఇంకా బాగా చెబుతాను.

ఎనభైల మొదట్లో మాట. మాది ఊత్తుకోట పక్కన చిన్న పల్లె, వేరుశెనగ సేద్యం. మునస్వామి మా ఆయనకు తమ్ముడు. వేకువన నాలుగింటికి లేచి ఏటి ఇసుకలో వట్టి కాళ్ళతో పరిగెత్తేవాడు. దిగబడే కాలును పీక్కుంటూ పరిగెత్తితే, రోడ్డు మీద ఆ కాలికి బరువే తెలియదట. ఆ తర్వాత అరమూట వేరుశెనక్కాయలు భుజాన వేసుకొని చెరువు కట్ట మీద ఆరుసార్లు. వానైనా అంతే, జ్వరమైనా అంతే. మొదట్లో ఊరి కుక్కలు తరిమేవి. ఏడాది తిరిగేసరికి అవీ వాడి వెంట పరుగు అలవాటు చేసుకున్నాయి. మా ఊరి కుక్కలంత సన్నటి కుక్కలు ఆ చుట్టుపక్కల లేవు.

మా అత్తకు ఇదేమీ గిట్టేది కాదు.

"సేద్యగాడి బిడ్డ ఊరకే ఎందుకు పరిగెత్తల్ల? ఎనక పులేమన్నా పడిందా?" అనేది.

అంటూనే జిల్లా పందెంలో కొడుకు గెలవాలని తిరుత్తణి మురుగనికి పూలకావడి మొక్కింది. వాడు గెలిచాడు. వెంటనే మద్రాసు నుంచి జాబు వచ్చింది. దేశం తరఫున పరిగెత్తేవాళ్ళను ఏరుతున్నారు, ఫలానా రోజు సాయంత్రం అయిదింటికల్లా గ్రౌండులో ఉండాలి, ఆలస్యమైతే పేరు కొట్టేస్తారు. సరిగ్గా ఆ రోజే కృత్తిక, మురుగనికి కావళ్ళు ఎత్తే పండగ. మొక్కు తీరకుండా గడప దాటనివ్వనని అత్త పట్టు పట్టింది. రెండు రోజులు ఇంట్లో అన్నం సరిగ్గా ఉడకలేదు. చివరికి వాడే ఉపాయం చెప్పాడు. వేకువన తిరువళ్ళూరులో కావడి ఎత్తుకొని తిరుత్తణికి పరిగెత్తుతాడు, మధ్యాహ్నం ఒకటిన్నర బండికి మద్రాసు పోతాడు. మొక్కూ తీరుతుంది, ఆ రోజు సాధనా తప్పిపోదు.

ముందురోజు సాయంత్రం ఊత్తుకోటలో బస్సెక్కి, పొద్దు ఉండగానే తిరువళ్ళూరు చేరి కోవెల దగ్గర సత్రంలో దిగాము. చాప ఇస్తారు, దిండు మనమే తీసుకుపోవాలి. తెల్లవారి అయిదింటికి అత్త తలంటుకొని, కావడికి పూజ చేసి, కొడుకు భుజానికెత్తింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ చెయ్యి కావడిని ఎత్తిందో, కొండపైన స్వామి ముందర ఆ చెయ్యే దించాలి. నడుమ నేలకు తగలకూడదు, మరొకరు అందుకోకూడదు. ఇది అందరికీ తెలుసు. తెలిసీ, ఆ చేతిని మేము రైలెక్కించాము.

ఆరూ నలభై బండికి మా ఆయన, అత్త, నేను బయలుదేరాము. కడంబత్తూరు దాటాక ఇడ్లీ పొట్లం విప్పాము. ఎదురుగా తిరునిన్రవూరు నుంచి వస్తున్న ఒక గుమాస్తా కూచున్నాడు. అత్త అతనికి కథంతా చెప్పింది. నలభై కిలోమీటర్ల పైమాటే, భుజాన కావడి కూడా, మధ్యాహ్నం లోపల రాడులే పెద్దమ్మా, నిదానంగా పోండి అన్నాడతను. అత్త ఇంకొక ఇడ్లీ తీసుకుంది.

అరక్కోణంలో బండి మారాలి. పక్క ప్లాట్‌ఫారంలో ఒక బండి ఖాళీగా నిలబడి ఉంది. ఎవరినైనా అడిగి వస్తానని మా ఆయన అన్నాడు.

"ఇంత కాళీ బండిని పెట్టుకోని అడుక్కుంటా తిరగతావా?" అని అత్త పోయి కిటికీ పక్కన కాళ్ళు చాపుకుంది.

అది తిరుత్తణి వైపు పోనే పోని జోలార్‌పేట బండి. చిత్తేరి వచ్చేదాకా మాకు తెలియలేదు, తెలిసి అక్కడే దిగేశాము. తిరుగు బండికి చాలాసేపుంది. కొంత దూరం నడిచి, కొంత దూరం గడ్డిబండి మీద కూచొని అరక్కోణం చేరాము. అక్కడ బస్సు. దారి పొడుగునా అత్త ఒకే మాట, ఆ బండికి పేరు పెద్దగా రాసిపెట్టి ఉండాల్సింది అని. రాసే ఉంది. మాలో చదవను వచ్చిన మా ఆయన అప్పుడు మూటలు ఎక్కిస్తున్నాడు. మీరు పోతే అరక్కోణంలో ముగ్గురినైనా అడగండి. ఖాళీ బండి ఎందుకు ఖాళీగా ఉందో కూడా అడగండి.

తిరుత్తణి కొండ కింద బస్సు దిగేసరికి పన్నెండూ పది. మెట్ల దగ్గర జనం గుంపుగా మూగి ఉన్నారు. నడుమ మా మునస్వామి! పదింటికి ముందే వచ్చేశాడట. కావడి దించడానికి లేదు. ఊరకే నిలబడితే కాళ్ళు బిగుసుకుపోతాయి. అందుకని ఉన్నచోటే పరుగు తీస్తూ ఉన్నాడు. రెండు గంటలుగా! చూసినవాళ్ళు స్వామి పూనాడనుకున్నారు. పాదాల మీద పసుపునీళ్ళు పోశారు, నుదుటికి మూడు సోలల విభూతి పూశారు. ఒక రైతు తన చేలో బోరు వేయవచ్చా సామీ అని అడిగితే, గొంతెండిపోయిన వీడు "నీళ్ళు" అన్నాడు. ఆయన దండం పెట్టి సంతోషంగా వెళ్ళిపోయాడు. చెంబు మాత్రం ఎవరూ అందించలేదు. నేనే తాగించాను.

"యాడికి పోయినారు వదినె?" అన్నాడు. స్టేషను వైపు ఒకసారి చూశాడు.

మూడువందల అరవై అయిదు మెట్లు. అత్త మామూలుగా మండపానికొకసారి కూచుంటూ రెండు గంటలకు ఎక్కుతుంది. ఇప్పుడు ముప్పావుగంటలో ఎక్కితేనే వాడికి రైలు. ఆమెను ఎత్తుకుందామంటే వాడి భుజం మీద కావడి, మా ఆయన భుజం మీద మూటలు.

"అమ్మా, పైకి చూడొద్దు. నా మడమలు చూడు. ముక్కుతో పీల్చు, రొండు మెట్లకొకసారి నోటితో వొదులు. మాట్లాడొద్దు," అన్నాడు.

మా అత్త మాట్లాడకుండా ఎక్కిన మొదటి కొండ అదే. నూరు మెట్లు బాగానే ఎక్కింది. నూటయాభైకి చెమట. రెండువందల దగ్గర కూలబడబోయింది. కూచోవద్దు, నిలబడే కాళ్ళాడించు అన్నాడు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, వాడితోపాటు ఉన్నచోటే పరుగు తీసింది. దిగుతున్నవాళ్ళు ఆమెకూ దండం పెట్టారు.

ఇంకో యాభై ఎక్కి, "నా వల్ల కాదురా. నన్ను ఈడే వొదిలెయ్," అంది. కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

వాడు కావడి సర్దుకొని ఆమె పక్కకు వచ్చాడు. "నాకూ దినామూ ఇట్లే అయితాదమ్మా. ఏట్లో, కట్ట మీద, ఒక తావున కాళ్ళు ఇంక చాలురా అంటాయి. ఆ తావున నిలబడకుండా ఇంకో పదడుగులు ఏసేదానికే నేను నాలుగింటికి లేసేది. పది మెట్లు రా. అంతకుమించి నేనడగను."

పది ఎక్కింది. మళ్ళీ పది అన్నాడు. ఒంటిగంటకు అయిదు నిమిషాలుండగా అత్త రెండు చేతులతో కావడిని దించి స్వామి ముందర పెట్టింది. వాడి భుజం తోలు లేచిపోయి ఉంది. ఆమె దాని మీద చెయ్యి పెట్టబోతే, వాడు ఆమె కాళ్ళకు మొక్కి, మా ఆయన దగ్గర సంచీ లాక్కొని కిందికి పరుగెత్తాడు.

కొండ మీది నుంచి చూస్తూ నిలబడ్డాము. స్టేషను రోడ్డు మీద చీమంత మనిషి. బండి వచ్చి నిలబడింది. "ముక్కుతో పీల్చురా," అంటోంది అత్త, వాడికి వినబడుతున్నట్టే. బండి కదిలింది. రోడ్డు మీద ఎవరూ లేరు. ప్లాట్‌ఫారం మీదా ఎవరూ లేరు. అప్పుడు గాని ఆమె ఊపిరి వదలలేదు.

తర్వాత వాడు ఎంతవాడయ్యాడో మీకు తెలుసు. ఇప్పుడు నాలుగింటికి మా ఏటి ఇసుకలో ఏడెనిమిదిమంది పరిగెత్తుతున్నారు. ఇద్దరు ఆడపిల్లలు కూడా.

మేము మూడింటి బస్సుకు తిరువళ్ళూరు బయలుదేరాము. అత్త కాళ్ళు ముడవలేక నడవలోకి చాపింది. పక్క సీటు ఆమె జాలిపడి, కొండ నడిచి ఎక్కినావా పెద్దమ్మా అని అడిగింది.

"నడిచేదేంది? పరిగెత్తినాను. నా కొడుకు నేర్పించినాడు," అంది మా అత్త.

విన్న మీ కాళ్ళు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరి పరుగుకూ అడ్డం రాకూడదు, ఆయాసపడి వచ్చినవాళ్ళకు మీ చేతి చెంబు అందాలి. మీ పిల్లలు, వాళ్ళ పిల్లలు నూరేళ్ళు గట్టి గుండెతో వర్ధిల్లాలి.